తెల్లారుజామున రోజూ వరద కలలు వస్తుండాయి, దీనికి నిద్రకు ఏమన్నా సంబంధం ఉందా?

హంద్రీ గట్టు (కర్నూలు):
అందరికీ నమస్తే. మాది కర్నూలు పాతబస్తీ. చాలా ఏండ్లు నైట్ డ్యూటీ చేసి ఈ మధ్యనే డే షిఫ్టుకు మారినా. పగటి నిద్ర సంగతి మీకు తెలిసిందే కదా, ఎండ, వీధిలో కూరగాయల బండ్ల మైకులు, ఎవరో ఒకరు తలుపు కొట్టడం, ఎప్పుడూ అరకొరే. ఇప్పుడు రాత్రి పదిన్నరకంతా పడుకుంటున్నా, నిద్ర బాగానే పడుతోంది, కానీ తెల్లారుజామున నాలుగు ఐదు మధ్యలో వచ్చే కలలు ఎట్లుంటాయంటే లేచినాక కూడా అది కల అని నమ్మబుద్ధి కాదు. ఎక్కువగా 2009 వరదే. అక్టోబర్ 2 రాత్రి ఇంటిల్లిపాదీ మిద్దె ఎక్కి కూర్చున్నాం, కింద ఖాళీ గ్యాస్ సిలిండరు నీళ్ళల్లో తేలుకుంటా వచ్చి తలుపుకు టంగు టంగుమని కొట్టుకుంటా ఉండె. ఇన్నేండ్ల తర్వాత ఆ శబ్దం కలలో అచ్చం అట్లనే వినపడుతుంది. లేచినాక మంచం దిగాలంటే నేల తడిగా ఉంటుందేమో అని చేత్తో తడిమి చూసుకుంటున్నా.

మా జేజి ఏమో తెల్లారుజాము కల నిజమైతాది, ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించు అంటుండాది. పూజ తప్పకుండా చేయిస్తా. కానీ నాకు తెలుసుకోవాలని ఉండేది ఏమంటే, ఇన్ని కలలు వస్తే మెదడుకు రెస్టు లేనట్టేనా? మైండుకు ఏమన్నా అయిందా?

అనంతపురం నర్సమ్మ:
తమ్ముడూ, మైండుకేం కాలేదు, ముందు ఆ భయం తీసెయ్. నిద్ర రాత్రంతా ఒకే తీరుగా ఉండదు, సుమారు తొంభై నిమిషాలకు ఒక చుట్టు లెక్కన నాలుగైదు చుట్లు తిరుగుతుంది, ప్రతి చుట్టులోనూ కనుగుడ్లు రెప్పల కింద గబగబా కదిలే దశ ఒకటి వస్తుంది, దాన్నే రెమ్ నిద్ర అంటారు. 1953లో షికాగో యూనివర్సిటీలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనేవాళ్ళు దీన్ని బయటపెట్టినారు, ఆ టైములో లేపి అడిగితే ఎక్కువ మంది కల చెప్పినారు. మొదటి చుట్టులో ఈ దశ కొన్ని నిమిషాలే, తెల్లారేకొద్దీ పెరిగి అరగంట, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది. కాబట్టి పెద్ద పెద్ద కలలు ఎక్కువగా తెల్లారుజామునే వస్తాయి, అందులో నుంచి నేరుగా మెలకువ వస్తుంది కాబట్టి గుర్తుంటాయి. మీ జేజి ఆ టైము కలకు విలువ ఇచ్చిందంటే ఊరికే కాదు, పెద్దోళ్ళు ఎన్నేండ్ల నుంచో గమనించిన సంగతే అది. కాకపోతే వరద మళ్ళీ వస్తుందని దాని అర్థం కాదు.

ఆ దశలో మెదడులో భయాన్ని, బాధను చూసుకునే అమిగ్డలా అనే భాగం బాగా పనిచేస్తా ఉంటుంది, ఇది నిజమా కాదా అని తర్కించే మెదడు ముందు భాగం పని మాత్రం తగ్గి ఉంటుంది, అందుకే ఎంత విడ్డూరమైనా లోపల ఉన్నంతసేపూ నమ్మేస్తాం. ఇంక నీ విషయం, ఏండ్ల తరబడి నిద్ర చాలకుండా ఉన్నోళ్ళకు ఒక్కసారి పూర్తి నిద్ర దొరికితే మెదడు ఆ రెమ్ బాకీ తీర్చుకుంటుంది, కొన్నాళ్ళు కలలు ఎక్కువగా, గట్టిగా వస్తాయి. పెద్దోళ్ళ నిద్రలో నాలుగో వంతు దాకా ఈ దశే, అది కూడా నిద్రే, రెస్టు పోయినట్టు కాదు. పగలు తూగు, నీరసం లేకపోతే సరే. కొత్తగా మాత్రలేమన్నా వాడుతున్నావా? మందు, సిగరెట్టు ఈ మధ్య మానేసినావా? అట్ల మానినప్పుడు కూడా ఇట్లనే వస్తాయి.

కొత్తపేట సత్రం:
అన్నా మాదీ కర్నూలే. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకపోయిందని టీవీలో చూపించినప్పుడు మా అమ్మ రాత్రంతా సర్టిఫికెట్లన్నీ కవర్లో కట్టుకొని కూర్చునింది. నీ ఒక్కడికే కాదు, ఊరు ఊరికే ఆ భయం లోపల ఉండాది.

హంద్రీ గట్టు (కర్నూలు):
అక్కా చాలా థాంక్స్. మందు, సిగరెట్టు అలవాటు లేదు. ఒక్క వైపు తలనొప్పికి డాక్టరు ప్రొప్రనొలాల్ రాసినాడు, షిఫ్టు మారినప్పటి నుంచే వేసుకుంటున్నా. ఇంకోటి, మా నాయనకు అరవై దాటినాయి, ఆయన కూడా నిద్రలో అరుస్తాడు, కాళ్ళతో తంతాడు, మొన్న చెయ్యి గోడకు కొట్టుకొని వాచింది. ఇది మా వంశంలోనే ఉందేమో అని కూడా అనుమానం.

రాజంపేట బైకు:
బ్రో, పీడకలకు పనికొచ్చేది ఒకటి చెప్తా, నాకు పనిచేసింది. బండి యాక్సిడెంట్ అయినాక లారీ లైట్లు మీదికొచ్చే కల వచ్చి వచ్చి పడుకోవాలంటేనే భయమేసేది. కడపలో సైకాలజిస్టు మేడం ఏం చెప్పిందంటే, పగలు బాగా వెలుతురున్నప్పుడు ఆ కలను కాగితం మీద రాయి, నీకు ఇష్టమొచ్చినట్టు మార్చి రాయి, రోజూ పది ఇరవై నిమిషాలు ఆ మార్చిన కలనే కండ్లు మూసుకొని చూసుకో అనింది. నేను లారీ స్లో అయి టీ అంగడి కాడ ఆగినట్టు, డ్రైవరు దిగి గ్లాసు కడుక్కొని టీ తాగినట్టు రాసుకున్నా. కొన్ని వారాలకు ఆ కల రావడం బాగా తగ్గింది. దీన్ని ఇమేజరీ రిహార్సల్ అంటారు, బ్యారీ క్రాకౌ అనే అమెరికా డాక్టరు వాళ్ళు లైంగిక దాడికి గురై పీడకలలతో బాధపడే ఆడవాళ్ళ మీద చేసి 2001లో ఫలితాలు అచ్చేసినారు. నువ్వు ఆ సిలిండరునే మార్చు, దాన్ని ఎవరో పట్టుకొని మిద్దె మీదికి అందించినట్టు రాసుకో. మెలకువలో కూడా వరద కండ్ల ముందు కదలాడుతుంటే మాత్రం ఒంటరిగా చేయొద్దు, డాక్టరు దగ్గర చెయ్.

అనంతపురం నర్సమ్మ:
తమ్ముడూ ఆ మాత్ర పేరు చెప్పి మంచి పని చేసినావ్. ప్రొప్రనొలాల్ మెదడులోకి సులభంగా పోతుంది, గట్టి కలలు, పీడకలలు దానికి తెలిసిన సైడ్ ఎఫెక్టే. అట్లని సొంతంగా ఆపేయొద్దు, ఉన్నట్టుండి మానితే గుండె దడ, బీపీ పెరుగుతాయి. రాసిన డాక్టరుకే కలల సంగతి చెప్పు, డోసో మాత్రో ఆయనే మారుస్తాడు.

మీ నాయన విషయం వేరే, నీ కలలతో కలపొద్దు. మామూలుగా రెమ్ నిద్రలో ఒంట్లో కండరాలు కదలకుండా మెదడే ఆపేస్తుంది, ఆ ఆపుడు సరిగ్గా లేకపోతే మనిషి కలలో చేసేది మంచం మీద చేసేస్తాడు. 1986లో అమెరికాలో షెంక్ అనే డాక్టరు బృందం దీన్ని ఒక జబ్బుగా వివరించింది, ఎక్కువగా యాభై దాటిన మగవాళ్ళలో చూస్తాం. వీళ్ళలో చాలా మందికి ఏండ్ల తర్వాత పార్కిన్సన్ (చేతులు వణికే, నడక నెమ్మదించే మెదడు జబ్బు) లాంటివి వస్తాయి కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దు. మీ పెద్దాసుపత్రిలోనే న్యూరాలజీ ఉంది, తీసుకపో. అంతవరకు పరుపు నేల మీద వేయండి, పక్కన స్టూలు, గాజు సామాను లేకుండా చూడండి, అమ్మను కొద్దిగా ఎడంగా పడుకోమను.

హంద్రీ గట్టు (కర్నూలు):
సరే అక్కా. అమ్మను అడిగినా, ఆయన అరిచేది కూడా ఎక్కువగా తెల్లారుజామునే అంట, లేపితే కుక్కలు తరుముతుండాయి అని చెప్తాడంట.

అనంతపురం నర్సమ్మ:
రెమ్ నిద్ర ఎక్కువుండేది అచ్చం అదే టైము కదా మరి. ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి, ఫోన్లో ఒక వీడియో తీసుకొని పోండి, అమ్మను కూడా వెంట తీసుకపో, రాత్రి ఏం జరిగిందో నాయనకన్నా ఆమెకే బాగా తెలుసు.