"ఇద్దరు ముద్దు, ఆపై వద్దు": ఎవరికి ముద్దు?

ప్రశ్న: గుంటూరులో మా వీధి చివర పాత గోడ మీద కుటుంబ నియంత్రణ గుర్తు ఎర్ర త్రికోణం, కింద ఈ నినాదం ఇంకా కనిపిస్తున్నాయి. ఇప్పుడేమో ఎక్కువమందిని కనమంటున్నారు. ఈ మాటకు కాలం చెల్లినట్టేనా అండీ?

జవాబు: లెక్క ప్రకారం చెల్లినట్టే. రాష్ట్రంలో సంతాన రేటు, అంటే సగటున ఒక్కో స్త్రీ కనే పిల్లల సంఖ్య, 2019-21 నాటికే 1.7కి దిగింది, తరం నిలవాలంటే 2.1 ఉండాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ పోటీకి పనికిరారన్న 1994 నాటి నిబంధనను కూడా 2024 నవంబరులో శాసనసభ తీసేసింది. ముసలివాళ్లు పెరిగి, పనిచేసే చేతులు తగ్గుతాయన్న బెంగ నిజమైనదే.

నినాదంగా ఇది గట్టిది. "ద్ద" ప్రాస వల్ల చదువురానివాళ్ల నోట్లోనూ నిలిచింది. అయితే ముద్దు ఎవరికి, వద్దన్నది ఎవరు? వాక్యంలో ఆ మనిషే లేదు. "కుటుంబ నియంత్రణ" కూడా అంతే. ఇంగ్లీషులో అది "ఫ్యామిలీ ప్లానింగ్", అంటే ప్రణాళిక. ప్రణాళిక ఆలుమగలు వేసుకునేది, నియంత్రణ పైనుంచి ఇంకెవరో చేసేది. ఎమర్జెన్సీలో బలవంతపు ఆపరేషన్లు జరిగాక కేంద్రం శాఖ పేరును "కుటుంబ సంక్షేమం"గా మార్చింది. మన పత్రికలు మాత్రం "కు.ని. (కుటుంబ నియంత్రణ) శస్త్రచికిత్సలు" అనే రాస్తూ వచ్చాయి.

ఊళ్లో మాట ఇంకా సూటిగా ఉంటుంది: "ఆపరేషన్ చేయించుకుంది." "చేయించుకున్నాడు" అని ఎప్పుడైనా విన్నారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో పెళ్లయి, పిల్లలు కనే వయసులో ఉన్న స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. భర్త చేయించుకున్న ఇళ్లు ఒక శాతం కూడా లేవు. నిజానికి మగవాళ్లదే తేలిక, కోత కూడా అక్కర్లేని పద్ధతి ఉంది. మా వైపు ఆడవాళ్లు కుట్లు ఆరీ ఆరకముందే మిర్చి తొడిమలు తీయడానికి వచ్చి కూర్చునేవాళ్లు. ఘాటుకి తుమ్ము వస్తే పొట్టను రెండు చేతులా అదిమి పట్టుకుని తుమ్మేవాళ్లు. అప్పుడు చాలు అన్నవాళ్లూ, ఇప్పుడు కనమంటున్నవాళ్లూ ఆమెను ఒక్క మాట అడగలేదన్నదే నా బాధ.

వ్యాఖ్య: "నారు పోసినవాడు నీరు పోయడా" కూడా ఇదే కోవ కదండీ. బెజవాడలో మా అత్తయ్యను ఆ సామెతతోనే నాలుగో కాన్పుకి ఒప్పించారు. చెప్పింది మామయ్యా, ఆయన నాన్నా.

జవాబు: అవునమ్మా, ఆ సామెతను కడుపు మోసేవాళ్ల కంటే మోయనివాళ్లే ఎక్కువగా వాడతారు. ఆడవాళ్లే చెప్పుకునే మాట ఒకటి విన్నాను: "ఇద్దరితో చాలనుకున్నాం." ఇందులో అనుకున్న మనిషి ఉంది. ఇలాంటివి మీ ఇళ్లల్లో ఇంకేమైనా వాడుకలో ఉంటే, ఏ ఊరి మాటో కూడా చేర్చి ఇక్కడ రాయండి.