నడుస్తూ తీసే షాట్‌లో అడుగడుక్కీ మసక: షటర్ మార్చాలా, స్టెబిలైజేషన్ ఆపాలా?

ఎంగిలిపూల బతుకమ్మ రోజు హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర వీడియో తీయాలి. ఆ జనంలో ట్రైపాడ్‌కు చోటుండదు, గింబల్ (కెమెరా ఊగకుండా పట్టే మోటారు పిడి) తిప్పే జాగా కూడా దొరకదు. చేత్తో తీయాల్సిందే. అందుకే ఖిలా వరంగల్ తోరణాల దగ్గర పొద్దుగూకే వేళ ప్రాక్టీస్ చేస్తున్నా.

కెమెరా ఏపీఎస్-సీ (మధ్యస్థ సైజు సెన్సర్) మిర్రర్‌లెస్, దాంతో వచ్చిన 16-50 ఎంఎం కిట్ లెన్స్. 4కె, సెకనుకు 25 ఫ్రేములు, షటర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం) 1/50 సెకను, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 3200. లెన్స్ స్టెబిలైజేషన్, డిజిటల్ స్టెబిలైజేషన్ (ఫ్రేమ్‌ను కత్తిరించి, జరిపి ఊపు తగ్గించేది) రెండూ ఆన్.

నిలబడి తీసినవి బాగున్నాయి. తోరణం పైనున్న హంసల క్లోజప్, కింది నుంచి పైకి టిల్ట్, దూరం నుంచి వైడ్, అన్నీ నిలకడగా వచ్చాయి. చుట్టూ నడుస్తూ తీసేదే పాడవుతోంది. కాలు నేల తాకగానే ఫ్రేమ్ ఒక్క క్షణం మసకబారుతుంది, అంచున ఉన్న స్తంభం జెల్లీలా వంగుతుంది. ఆడేవాళ్ల వలయం చుట్టూ తిరిగే ఆ షాట్ లేకపోతే బతుకమ్మ వీడియోకు ప్రాణమే ఉండదు.

మోచేతులు పక్కలకు అదిమి, మెడపట్టీ బిగించి, మోకాళ్లు వంచి, మడమ ముందు ఆనిస్తూ నడిచి చూశా. ఊపు తగ్గింది, మసక పోలేదు. స్లోమోషన్‌లో బాగానే ఉంది గానీ పాట, చప్పట్లు కలవవు.

ఇంత తక్కువ వెలుతురులో షటర్ 1/100కి పెంచి ఐఎస్ఓ 6400తో వచ్చే గ్రెయిన్ (చుక్కచుక్కల గరుకు) భరించడం మేలా, 1/50లోనే ఉంచి డిజిటల్ స్టెబిలైజేషన్ ఆపేయడం మేలా?