సమస్యాపూరణం: "నేను లేని కథకు నేనె సాక్షి"

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. పైకి పొసగనట్టున్న ఆ మాట పొసిగేలా ముందు మూడు పాదాలు మీరు పూరించండి. ఉత్తమ పురుష చుట్టూ నడపండి. మన వ్యాకరణంలో ప్రథమ పురుష అంటే అతడు, ఆమె, అది. నేను, మేము, మనం ఉత్తమ పురుష. ఇంగ్లీషు వరస చూసి 'నేను'ని ప్రథమ అనకండి.

కోవూరు కోడలు:
పెన్న పొంగినపుడు పెద్దవ్వ చూచిన
వరద తీరు నాకు వల్లెవచ్చు
పుట్టకున్న నేమి పుడమిపై నానాడు
నేను లేని కథకు నేనె సాక్షి

నిర్వాహకుడు: యతి, గణాలు కుదిరాయమ్మా. కానీ సాక్షి అంటే కళ్లారా చూసినవాడు. చూసింది అవ్వ, మీరు విన్నారంతే. సమస్య విడలేదు.

కోవూరు కోడలు: నిజమేనండి. అవ్వ "నేను చూశా" అంటూ చెప్పేది. ఆ 'నేను'ని నాది చేసేసుకున్నాను.

ఆత్మకూరు అబ్బాయి:
వచ్చితినని యంటి, వాక్యమందున లేదు
నేను పదము, తుదిని ని యొకటుండె
దాని తోడు చాలు దాగిన నను జూప
నేను లేని కథకు నేనె సాక్షి

కందుకూరు అయ్యవారు: ఇదిరా పూరణ! తిక్కన భారతంలో 'ఏను' అని కనిపించే మాట మనకు 'నేను' అయింది. క్రియ తోక మాత్రం అప్పుడూ ఇప్పుడూ అదే పని చేస్తోంది. మరి మన నెల్లూరు పక్క "వస్తుండా" అంటాం గదా, అందులో నీ 'ని' ఏదబ్బాయ్?

ఆత్మకూరు అబ్బాయి: "వస్తుండాడు" అంటే వాడు, "వస్తుండాది" అంటే ఆమె. ఏదీ తగిలించకపోతే నేనే గదా అయ్యవారూ.

విడవలూరు రైతుబిడ్డ:
చెరువు మునిగి పొరుగు సేద్యగాడేడ్చిన
రాత్రి, గట్టుమీద రాయినైతి
అతని నోట రాని యా గోడు చెప్పెద
నేను లేని కథకు నేనె సాక్షి

నిర్వాహకుడు: దీని దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కథ చెప్పే 'నేను' కథానాయకుడే కానక్కర్లేదు, గట్టుమీది రాయి కూడా కావచ్చు. అయితే ఆ 'నేను' చూసింది, విన్నది, ఊహించింది చెప్పగలదు గానీ పక్కవాడి మనసులోకి దూరలేదు. నోట రాని గోడు మీకెలా తెలిసింది? "యా గోడు నూహింతు" అనండి, గణం చెడదు.

విడవలూరు రైతుబిడ్డ: మార్చాను సార్. పొరుగు అని రాశా గానీ, ఆ రొయ్యల గుంట మా నాయనది.

నిర్వాహకుడు: పొరుగు అనే ఉంచండి.