అప్‌డేట్: యలహంక నుంచి లారీల బెడద లేని సైకిల్ దారి

ఆదివారం ఉదయాలు బెంగళూరు ఉత్తరాన ఉన్న యలహంక నుంచి రోడ్ బైక్ తొక్కడానికి రద్దీ లేని దారి చెప్పమని అడిగాను కదా. మీరు చెప్పినవాటిలో ఖాయం చేసుకున్నది రాజానుకుంటె, కాకోళు మీదుగా హెసరఘట్ట. రానూపోనూ సుమారు 40 కి.మీ. బండ్ల గోలంతా దొడ్డబళ్లాపుర రోడ్డు మీదే. ఆ ముక్క ఆరింటికల్లా దాటేసి రాజానుకుంటెలో ఎడమకు తిరిగితే ఇక హాయి.

జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు అదే వెనకనుంచి తోస్తుంది.

రాగి కోతలయ్యాక మాత్రం జాగ్రత్త. బండ్లు తొక్కి గింజ రాలాలని రైతులు కంకులు రోడ్డు మీద పరుస్తారు. ఆ గడ్డి డిరైలర్ (గేర్లు మార్చే భాగం) చిన్న చక్రాల్లో చుట్టుకుని చైను బిగుసుకుంటుంది. అలాగే బలంగా తొక్కితే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగుతుంది. వెంటనే ఆగి, పెడల్ వెనక్కి తిప్పుతూ పోచలు లాగెయ్యాలి. అసలు అక్కడ దిగి పక్కనుంచి నడిపించుకెళ్లడమే మర్యాద, అది వాళ్ల ఏడాది కష్టం.

ఊళ్ల దగ్గర హంపులకు చాలాచోట్ల రంగు ఉండదు. 28 ఎంఎం టైర్లకు, 70 కిలోల మనిషికి గాలి ముందు 65, వెనక 70 పీఎస్‌ఐ చాలు. 100 కొడితే ప్రతి గతుకూ మణికట్టులో తెలుస్తుంది. స్పేర్ ట్యూబు, టైర్ లివర్లు, చేతిపంపు వెంట ఉండాల్సిందే.