అప్‌డేట్: నిలిపివేసిన సెమినార్ విషయం

విశ్వవిద్యాలయ విధానాన్ని విమర్శించే పత్రం ఉందన్న కారణంతో మా విభాగపు సెమినార్‌ను ఆపేశారని, ఏ ఆధారంతో అభ్యంతరం చెప్పవచ్చని ఇంతకుముందు అడిగాను. తాము పనిచేసే సంస్థపై స్వేచ్ఛగా అభిప్రాయం చెప్పే హక్కు, సంస్థాగత సెన్సార్‌షిప్ నుంచి విముక్తి ఉన్నత విద్యా బోధకులకు ఉండాలన్న 1997 నాటి యునెస్కో సిఫార్సులోని 27వ పేరాను ఉటంకిస్తూ విద్యామండలికి లేఖ రాశాను. ఆ సిఫార్సు దేశాల మధ్య ఒప్పందంలా చట్టరీత్యా పాటించి తీరాల్సింది కాదు కాబట్టి, మా నియామక నిబంధనల్లోని బోధనా స్వేచ్ఛ అంశాన్ని జతచేయడమే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

అనుమతి వచ్చింది. అయితే పత్రాలను ముందుగా అధికారులకు చూపాలన్న షరతు పెట్టారు. నాణ్యతను ఆ రంగం తెలిసినవారు పరీక్షించడం వేరు, సంస్థ పరువు కోసం అధికారులు వడపోయడం వేరు గనుక నేను అంగీకరించలేదు. పత్రం రాసిన పరిశోధక విద్యార్థినికి నాకున్న ఉద్యోగ భద్రత లేదు. ఆమెపై చర్య ఉండదని రాతపూర్వక హామీ కోరాను, జవాబు రావలసి ఉంది.