అప్‌డేట్: మా పాపకి ప, వ తికమక తగ్గింది
రెండో తరగతి చదివే మా పాప ప, వ కలిపేస్తోందని, తను చూసి నేర్చుకునే రకమా, విని నేర్చుకునే రకమా అని పోయిన నెల అడిగాను. ఆ రకాల సంగతి వదిలేయమని మీలో ఒకరన్నారు. నిజమే. 2008లో మనస్తత్వ శాస్త్రవేత్త హెరాల్డ్ పాష్లర్ బృందం పరిశీలిస్తే, పిల్లల్ని అలా విడదీసి చెబితే మేలనడానికి సరైన ఆధారం దొరకలేదు.

అందుకే అన్నీ కలిపాం. అక్షరాభ్యాసంలో లాగా పళ్లెంలో బియ్యం పోసి, వేలితో రాస్తూ పైకి పలకడం. ‘ప’కి తలుపు తెరిచి ఉంటుంది, ‘వ’కి మూసి ఉంటుందని తనే కనిపెట్టింది! అమ్మమ్మ పక్కన కూర్చుంటే ఇంకా హుషారు. 1939లో ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి మన చెన్నై అడయార్‌కే వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు; పిల్లలు వేలితో తడిమి నేర్చుకునే ఆవిడ గరుకు కాగితపు అక్షరాలదీ ఇదే దారి.

స్కూల్లో తెలుగు లేదు కాబట్టే నాకంత టెన్షన్. నిన్న ‘పలక’, ‘వల’ తప్పు లేకుండా రాసింది. ‘ష’ దగ్గర ఇంకా తడబడుతోంది.