బీటిల్స్ పాత పాటలనే మళ్లీ మళ్లీ అమ్మడం న్యాయమేనా?

రికార్డుప్రియ: ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ పాటలు ఏరి కూర్చిన 1973 నాటి ఎరుపు, నీలం అట్టల సంకలనాలను 2023లో మళ్లీ తెచ్చారు. ఎరుపులో 26 పాటలుండేవి, 38 చేశారు. నీలంలో 28 ఉంటే 37 అయ్యాయి. కొత్త పాట ‘నౌ అండ్ దెన్’ ఒక్కటే, మిగతావన్నీ పాతవే. దానికోసం ఉన్నవన్నీ మళ్లీ కొనాలా?

గుంటూరు గిటార్: ఆ పాట విడిగా సింగిల్‌గానూ వచ్చింది కదన్నా.

రికార్డుప్రియ: 1993 సంగతి చెప్పు మరి. ఎరుపు మొత్తం గంట పైచిలుకే, ఒక్క సీడీలో పట్టేది. రెండు సీడీలు చేసి అమ్మారు. 2000లో ‘1’ అనే సంకలనానికి 27 పాటలు ఒక్క సీడీలోనే పెట్టారే! నేను ట్యూషన్లు చెప్పిన డబ్బుతో ఆ ఎరుపు రెండు సీడీల సెట్ తెప్పించుకున్నాను. సగం సగం ఖాళీ.

మధు77: నీలం రెండు సీడీలు కాబట్టి జతగా ఉండాలనుకున్నారేమో.

రికార్డుప్రియ: జత కోసం నా జేబు కొట్టాలా?

శ్రావణి_ఎం: బ్యాండ్ గిటారిస్టు హారిసన్ సంగతి ఎవరూ ఎత్తరేం? పాత ఎరుపులో 26 పాటలూ బ్యాండ్‌లోని లెనన్, మెకార్ట్నీ పేరు మీదున్నవే. హారిసన్ రాసిన ‘టాక్స్‌మన్’ చేరడానికి 50 ఏళ్లు పట్టింది. అది తప్పు దిద్దుకోవడం కాదా?

రికార్డుప్రియ: ‘టాక్స్‌మన్’ కావాలంటే ‘రివాల్వర్’ ఆల్బమ్ పెట్టుకోండి, మొదటి పాటే అది. మీ తరం ముక్కలు విని మొత్తం విన్నామనుకుంటుంది.

శ్రావణి_ఎం: తరం మాట ఎందుకండీ? నాన్న తెచ్చిన ‘1’లో ‘ఎలినోర్ రిగ్బీ’ విన్నాను. అది ఎందులోదా అని వెతికితేనే ‘రివాల్వర్’ దొరికింది. ఆ సీడీ లేకపోతే నాకు బీటిల్సే లేరు.

గుంటూరు గిటార్: అన్నా, క్యాసెట్ షాపులో లిస్టు రాసిచ్చి పాటలు నింపించుకోలేదా మనం? అవి సంకలనాలు కావా?

రికార్డుప్రియ: నింపించుకున్నాను. అది నా ఇష్టంతో కూర్చుకున్న వరస, అమ్ముకోలేదు. సరే, నా బాధ డబ్బొక్కటే కాదు. ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్‌లో రిప్రైజ్ (మొదటి పాటే చివర్లో మళ్లీ వచ్చేది) హోరు అణుగుతుంటే, ఆ చప్పట్లలోంచి ‘ఎ డే ఇన్ ద లైఫ్’ గిటారు మెల్లగా పైకి వస్తుంది. నీలంలో ఆ రిప్రైజే లేదు. వాళ్లు నెలల తరబడి కూర్చుని అల్లినదాన్ని తెంపి, ఇదే బీటిల్స్ అని చేతిలో పెడితే నాకు కడుపు మండుతుంది.

శ్రావణి_ఎం: ఇది ముందే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు. ఆ అల్లిక తెలియాలంటే ముందు ఒక్క పాటైనా చెవిన పడాలి కదండీ. హారిసన్ సంగతికి మాత్రం మీరింకా జవాబివ్వలేదు.